జాజు నంబర్లు

ఏప్రిల్ 3, 2006

ఈ డైరీ రెండేళ్ల కిందటిది. పెబ్బేరు అంగడిలో విత్తనాల షాపువాళ్లు ఊరికే ఇస్తే ఈయన తెచ్చి మూలకు పడేశాడు. అచ్చువేసిన తేదీలు కొట్టేసి నా తేదీలు వేసుకుంటున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి కోపం ఎంత ఉంటే అంత రాయొచ్చు.

పంచాయతీ ఆఫీసు గోడకు కొత్త వార్డుల లిస్టు అంటించారు. కాలనీలో అంగన్వాడీ మూసి ఇంటికి వస్తూ ఆగి చదివాను. మా అమ్మ హన్మమ్మ పేరు మూడో వార్డులో ఉంది. అమ్మ ఇంటి గోడకు ఆనుకుని ఉన్న కురుమయ్య పెద్దనాయన ఏడో వార్డట. ఎదురింటివాళ్లు నాలుగో వార్డు. నా దగ్గర ఆయాగా చేసే జంగమ్మ పేరు ఏ వార్డులోనూ లేదు. మనిషి మాత్రం పొద్దున నా పక్కనే కూర్చుని పిల్లలకు గుడ్లు ఒలిచింది.

కాలనీ జనాన్ని జొన్నలు చల్లినట్టు మూడు, నాలుగు, ఐదు, ఏడు వార్డుల్లోకి చల్లారు. ఏ వార్డులో చూసినా ఊరివాళ్లు ఎక్కువ, మావాళ్లు తక్కువ. పోయినసారీ ఇంతే, అంతకుముందూ ఇంతే. పాతికేళ్లలో కాలనీ మనిషి ఒక్కరు కూడా వార్డు మెంబరు కాలేదు. అందుకే నీళ్ల పైపు కాలువ దాకా వచ్చి అవతలి గట్టునే ఆగింది. మా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కాలువ దాటి పోతారు. పంచాయతీలో అడిగే నోరు లేకపోతే పైపుకు మాత్రం ఏం తెలుస్తుంది?

అభ్యంతరాలు ఉంటే పదో తేదీలోగా రాసివ్వాలట. లిస్టు చేత్తో రాసి ఉంది. ఎవరి రాతో నాకు తెలియదు.

ఏప్రిల్ 4

ఇది ఎలా జరిగిందో ఈ రోజు తెలిసింది. లిస్టులో పేర్లు కాగితం మీద ఎక్కించుకుని కాలనీలో తలుపు తలుపుకూ తిరిగాను.

మా తలుపుల మీద ఉన్నవి ఈ ఊరి నంబర్లు కావు. యేటిగడ్డ నంబర్లు. నాకు ఎనిమిదేళ్లప్పుడు డ్యాము నీళ్లు వెనక్కి తన్ని యేటిగడ్డ మునిగిపోయింది. అంతకుముందు సర్వేకు వచ్చిన అమీను ఇంటింటికీ ఒక చీటీ ఇచ్చి, "ఈ నంబరు పదిలం. నంబరుంటేనే మీరున్నట్టు" అన్నాడట. ఆయన చెప్పింది చీటీ గురించి. మావాళ్లు ఇక్కడ గుడిసెలు వేసుకున్న మొదటి రోజే ఆ నంబర్లను తలుపుల మీద రాసుకున్నారు. ప్రతి ఉగాదికి ఇల్లు అలికి, జాజుమన్నుతో ఆ నంబరును మళ్లీ ఎర్రగా దిద్దుతారు. పోయిన భూమికి భూమి ఇవ్వాలన్న కేసు ఇంకా కోర్టులోనే ఉంది. నంబరు పోతే కేసు పోతుందని మావాళ్ల నమ్మకం. మొన్న ఉగాదికి దిద్దిన జాజు ఇంకా కొత్తగానే ఉంది.

ఊరిలో ఒక 3-47 ఉంది, కాలనీలో మా అమ్మది కూడా 3-47. లిస్టు రాసినవాళ్లు రెండింటినీ ఒక్కచోట చేర్చి, ముందున్న అంకె చూసి మూడో వార్డులో వేశారు. ఒకే నంబరు మీద రెండు కుటుంబాలు తగిలిన చోట కొన్నింటిని డబుల్ అని కొట్టేశారు. జంగమ్మ అలా డబుల్ అయింది.

కాలనీ గురించి తెలియని మనిషి చేసే పొరపాటే ఇది. తెలియని మనిషి.

ఏప్రిల్ 5

ఏడు అంకెకు నడుమ అడ్డగీత పెట్టి రాసేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు.

ఏప్రిల్ 6

నా దగ్గర ఇంటింటి సర్వే రిజిస్టరు ఉంది. ఏటా నేనే తిరిగి రాస్తాను. ఏ ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ముంబైకి వలసపోయి తిరిగి వచ్చారు, అన్నీ ఉంటాయి. పద్దెనిమిది దాటినవాళ్లను ఏరితే నాలుగువందల ముప్పై ఒకటి వచ్చింది. గోడ మీద లిస్టులో మావాళ్లు మూడువందల డెబ్బై రెండు మందే. యాభై తొమ్మిది మందిని బతికుండగానే కొట్టేశారు.

ఊరంతా కలిపితే ఓట్లు రెండువేల ఐదువందల పైచిలుకు. వార్డులు పన్నెండు. వార్డుకు రెండువందల పదిహేను మంది అనుకుంటే కాలనీకి నిండుగా రెండు వార్డులు రావాలి. ఇది అడుక్కునేది కాదు, భాగహారం.

సాయంత్రం కురుమయ్య పెద్దనాయన అరుగు మీద అందరూ చేరారు. కేసు కాగితాలన్నీ ఆయన పెట్టెలోనే ఉంటాయి.

"అర్జీ రాయి బిడ్డా. ఏలిముద్రలు మేం పెడ్తం" అన్నాడు.

"నేను రాస్తే నా చెయ్యని తెలుస్తది పెద్దనాయినా. సర్కారు పని చేసేదాన్ని."

"మరి ఎవరు రాయాలె? మా కాలనీల రాసేటోళ్లు ఎవరున్నరు?"

రాశాను. నాలుగు కాగితాలు వచ్చాయి. పేరు పేరునా ఇల్లు ఎక్కడుందో రాశాను. రాసినవారు చివర దస్తూరి అని తమ పేరు పెట్టాలి. మా వైపు బాకీ నోటైనా పెళ్లి ఒప్పందమైనా దస్తూరి లేకుండా ఉండదు. అక్కడ మాత్రం ఖాళీగా వదిలేశాను. జాగా చాలలేదు.

ఏప్రిల్ 7

జాగా ఉంది. బెత్తెడు ఉంది.

ఇంకొకటి. మా ఆయన రాఘవేందర్ ఈ పంచాయతీలో కారోబారు. ఇంటిపన్నులు రాసేది, లిస్టులు రాసేది ఆయనే. ఈ ముక్క మూడో తేదీనే రాయాల్సింది. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాయలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నాకు ఈశ్వరుడికున్నంత తీరిక కూడా లేదు కదా.

ఈ రోజు అడిగేశాను.

"ఆ లిస్టు నువ్వే రాసినవు."

"సర్పంచు జగదీశన్న నంబరు ప్రకారం రాయమన్నడు. రాసిన."

"అవి పాతూరి నంబర్లని నీకు తెల్వదా?"

"నంబరు నంబరే. నేనేం చేస్త? పైనోళ్లు ఇచ్చిన పద్ధతి గట్లున్నది."

"లగ్గమైన కొత్తల మా అమ్మ తలుపు మీద నంబరు మళ్ల రాసింది ఎవరు? మాకు మగపిల్లలు లేరని ప్రతి ఉగాదికి జాజు కలిపి దిద్దేది ఎవరు? మొన్న నువ్వే గద దిద్దింది. ఏడుకు అడ్డగీత పెట్టి మరీ."

చెప్పుల్లో కాళ్లు పెడుతూ అన్నాడు, "నీ ఓటు ఊర్ల ఉన్నది. కాలనీల లేదు గద. నీకెందుకు పరేషాన్?"

నా ఓటు మొగుడింటి నంబరు మీద ఉంది. నేను పుట్టింది మాత్రం 3-47లో. ఈ మాట ఆయనతో అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను. అనాల్సింది.

ఏప్రిల్ 8

కారోబారు అన్నం తినలేదు. నేను తిన్నాను. రెండోసారి కూడా పెట్టుకున్నాను.

ఏప్రిల్ 10

అర్జీ ఇచ్చేశాం.

అర్జీ తీసుకుని ముట్టినట్టు ముద్ర వేయాల్సింది కారోబారే. పక్క కుర్చీలో సర్పంచు జగదీశ్ కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. నేను గుమ్మం బయటే నిలబడదామనుకున్నాను. కురుమయ్య పెద్దనాయన కాగితాలు ముందుకు జరిపాడు. జగదీశ్ చదవలేదు, చివరి కాగితం తిప్పి కింద చూశాడు.

"ఎవరు రాసిన్రు ఇది? దస్తూరి లేదు. దస్తూరి లేని కాయితం చెల్లదు పెద్దమనిషీ, తీస్కపో."

రాసింది ఎవరో ఆయనకు తెలుసు. టీకాల బోర్డు మీద నా రాత ఊరంతా రోజూ చూస్తుంది. నేను లోపలికి వస్తే ఉద్యోగం పోతుంది, రాకపోతే అర్జీ పోతుంది, అదీ ఆయన లెక్క.

లోపలికి పోయాను. బల్ల మీద ఉన్న ఈయన పెన్నే తీసుకుని రాశాను. దస్తూరి: వసంత, అంగన్వాడీ టీచర్.

"మీ లిస్టుకు గూడ దస్తూరి లేదు గదన్నా. అది చెల్లుతదా?" అని అడిగాను.

జగదీశ్ నవ్వాడు. "జర సోంచాయించుకో వసంతా. పదకొండేండ్ల కొలువు."

"లెక్కపెట్టుడే నా కొలువు అన్నా."

ఈయన తలెత్తలేదు. ముద్ర మాత్రం గట్టిగా వేశాడు. నాలుగు కాగితాలకూ వేశాడు, ఒక్కదానికి వేస్తే చాలు.

ఏప్రిల్ 15

మా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. రాజకీయాల్లో పాల్గొన్నందుకు నన్ను ఎందుకు తొలగించకూడదో పదిహేను రోజుల్లో సంజాయిషీ రాయాలి.

నాకేం భయం లేదు.

ఏప్రిల్ 16

నాకేం భయం లేదు. ఎండలకు నిద్ర పట్టడం లేదు, అంతే.

ఏప్రిల్ 18

మండలాఫీసు నుంచి ఎంక్వయిరీకి ఆఫీసరు ఇరవయ్యో తేదీన వస్తాడట. కారోబారే కబురు తెచ్చాడు. "కాలనీకి వరుసగ కొత్త నంబర్లు ఏస్తే రెండు వార్డులు అయితయంట. పాతయి తుడిపెయ్యాలె. రెండు రెండు నంబర్లుంటే మళ్లీ గిట్లనే కలిసిపోతయని చెప్పిన్రు."

నాకు సబబుగానే తోచింది. ఉన్న మాట రాస్తున్నాను. పాతికేళ్ల కేసు ఎటూ తేలేది కాదు. వార్డు వస్తే పైపు వస్తుంది. నంబరు పట్టుకుని వేలాడితే దాహం తీరుతుందా?

కురుమయ్య పెద్దనాయన వినలేదు. "నంబరు పోతే కేసు పోతది. కేసు పోతే మేం ఎవరం?" అన్నాడు. మూడు నాలుగిళ్లవాళ్లు ఊగిసలాడుతున్నారు. ముందు నేను చేసి చూపిస్తే మిగతావాళ్లు చేస్తారనుకున్నాను. తడిగుడ్డ తీసుకుని మా అమ్మ తలుపు దగ్గరికి పోయాను. మూడు మీద ఒక్కసారి రుద్దానో లేదో అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నవే?"

"వార్డు కోసమే అమ్మా."

"పాతూరు నీళ్లల్ల పోయింది. మిగిలింది ఇదొక్కటి. దీన్ని గూడ నీళ్లతోనే తుడుస్తున్నవా?"

అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. గుడ్డ అక్కడే వదిలేసి వచ్చాను. మూడంకె సగం పోయింది. సిగ్గేసింది. జగదీశ్ ఇన్నేళ్లలో చేయలేనిది నేను ఒక్క గుడ్డతో చేయబోయాను.

ఏప్రిల్ 19

పొద్దున పోయి చూస్తే మూడంకె మళ్లీ నిండుగా ఉంది. తడి జాజు. అమ్మకు రాయడం రాదు. ఎవరు దిద్దారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కాలనీలో ఇంటింటికీ చెప్పి వచ్చాను. రేపు ఎవరూ కూలికి పోవద్దు, ఎవరి తలుపు ముందు వాళ్లు నిలబడాలి. తుడవొద్దని కూడా చెప్పాను.

ఏప్రిల్ 20

వరుసగా రాస్తాను, ఒక్కటి కూడా మర్చిపోకూడదు.

ఆఫీసరు పేరు నారాయణ. సన్నటి మనిషి, నెత్తికి తడి రుమాలు. పదింటికి వచ్చాడు. వెంట జగదీశ్, లిస్టు పట్టుకుని కారోబారు. కాలనీ మొదటి వీధి మలుపు తిరగగానే ముగ్గురూ ఆగిపోయారు. ప్రతి తలుపు ముందూ ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. ముసలివాళ్లకు మంచాలు బయట వేశారు. వీపనగండ్ల దాకా మిరప కోతకు పోయినవాళ్లు కూడా రాత్రికి రాత్రే వచ్చేశారు. జంగమ్మ ఇంటి ముందు అందరికంటే ముందుకు వచ్చి నిలబడింది, మళ్లీ కొట్టేస్తారేమోనని.

ఆఫీసరు పేరు అడగడం, కారోబారు లిస్టులో వెతకడం, నేను రిజిస్టరులో చూపించడం. మొగుడూ పెళ్లాలం చెరో పుస్తకం పట్టుకుని ఎదురెదురుగా నడిచాం. జంగమ్మ దగ్గర ఆఫీసరు ఆగాడు.

"ఈమె పేరు కొట్టేసి ఉంది. మనిషి ఇక్కడే ఉంది. ఈ లిస్టు ఎవరు తయారు చేశారు?"

జగదీశ్ కారోబారు వైపు చూశాడు. నేను కూడా చూశాను. నేను చెప్పగలను. నోటి దాకా వచ్చింది. కాలనీ అంతా వింటోంది. చెబితే కారోబారు పని కూడా పోతుంది, నాది ఎటూ పోయేదే. చెప్పలేదు. భయంతో కాదు. ఎందుకో తెలియదు.

"నేనే రాసిన సార్" అన్నాడు ఈయన. "నంబరు చూసి రాసిన. మనుషులను చూడలె. ఇవి పాతూరి నంబర్లని నాకు ఎరుకే. నంబరు ఎట్లుంటే గట్ల రాయమని చెప్పిన్రు, రాసిన."

"ఎవరు చెప్పారు?"

"చెయ్యి నాది సార్. దస్తూరి నాదే."

జగదీశ్ పేరు అనలేదు. నాకు మండింది. ఇప్పుడూ మండుతోంది. కానీ అంత జనం ముందు ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు.

చివరికి మా అమ్మ తలుపు దగ్గరికి వచ్చాం. ఆఫీసరు జాజు నంబరు చూశాడు. "ఇది తుడిపేయమని చెప్పాం కదమ్మా. రెండు నంబర్లు ఉంటే మళ్లీ తికమక అవుతుంది" అన్నాడు.

అమ్మ అడిగింది, "సారూ, నీ ఇంటిపేరేంది?"

"కొత్తకోట."

"నువ్వు కొత్తకోటల ఉంటవా?"

"లేదమ్మా. మా తాతల కాలంలోనే అక్కడి నుంచి వచ్చేశాం."

"మరి ఇంటిపేరు తుడిపేసుకున్నవా?"

ఎవరో నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నంబరు వంక మళ్లీ చూశాడు.

అమ్మ అంది, "కొత్త నంబరు రాస్కోండ్రి, వద్దంటలేం. తలుపు గల్మ పక్కన రాయుండ్రి, నీలి రంగుతో రాయుండ్రి. పైనున్నది మాత్రం మా ఊరు. అది ఉంటది."

ఆఫీసరు కారోబారును అడిగి స్కేలు తీసుకున్నాడు. లిస్టులో ఇంటి నంబరు గడి నడుమ నిలువుగా ఒక గీత గీశాడు. ఒక పక్క కొత్త నం., ఇంకో పక్క పాత నం. అని రాశాడు. "ఇట్లా నింపుకుని రా" అని కారోబారు చేతిలో పెట్టాడు. పాతికేళ్ల తగువుకు ఒక్క గీత చాలింది. ముందే గీయొచ్చు కదా ఎవరైనా.

ఏప్రిల్ 21

పొద్దుటి నుంచి ఈయన నీలి రంగు డబ్బా పట్టుకుని కాలనీలో తిరుగుతున్నాడు. మా అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చిందట. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా ఓటు ఊరోళ్లకు ఇచ్చి వస్తివి. తాగు" అని మరీ ఇచ్చిందట. జంగమ్మ చెప్పింది.

ఏప్రిల్ 28

మెమోకు జవాబు. మూడు చింపేశాక నాలుగోది ఇది:

"మీరు ఇచ్చిన రిజిస్టరులో మీరు చెప్పినట్టే ఇంటింటికీ తిరిగి మనుషులను లెక్కపెట్టాను. నాలుగువందల ముప్పై ఒకటి వచ్చారు. ఆ లెక్క అడిగినవారికి చెప్పాను. తప్పైతే ఏ మనిషిని లెక్కలోంచి తీసేయాలో పేరు రాసి పంపండి."

పోస్టు చేశాక డబ్బా నోట్లో వేళ్లు పెట్టి చూశాను, కాగితం వెనక్కి అందుతుందేమోనని. పోస్టు చేశాకే, ముందు కాదు.

మే 11

కొత్త లిస్టు అంటించారు. తొమ్మిది, పది వార్డులు కాలనీవి. తొమ్మిదిలో రెండువందల పదహారు, పదిలో రెండువందల పదిహేను. జంగమ్మ తన పేరు నాతో మూడుసార్లు చదివించుకుంది. అయినా నమ్మకం కుదరక దారిన పోయే పిల్లవాడితో ఇంకోసారి చదివించింది.

లిస్టు అడుగున చిన్న అక్షరాలతో ఉంది. దస్తూరి: రాఘవేందర్, కారోబారు.

జూన్ 6

జవాబుకు జవాబు వచ్చింది. తొలగించలేదు, హెచ్చరించారు. ఆ హెచ్చరికను అంగన్వాడీ గోడకు అంటించాను, పోలియో పోస్టరు పక్కన. దాచుకునే కాగితం కాదు అది.

జూలై 9

తొమ్మిదో వార్డు ఆడవాళ్లకు వచ్చింది. నన్ను నిలబడమన్నారు. కొలువు మానేస్తే నిలబడొచ్చు. రెండు రోజులు ఆలోచించానని అందరికీ చెప్పాను. నిజానికి ఒక్క పూట కూడా పట్టలేదు, నాకు ఆ పిల్లలు కావాలి, ఆ రిజిస్టరు కావాలి. ఈ రిజిస్టరు ఇంకొకరి చేతికి పోతే వచ్చేసారి యాభై తొమ్మిది మంది మళ్లీ చచ్చిపోతారు.

"నేను నిలబడ్త" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

"నీకు సదువు రాదు గదమ్మా."

"రాసెటందుకు అల్లుడు ఉన్నడు గద."

ఆగస్టు 3

అరవై మూడు ఓట్ల మెజారిటీతో అమ్మ గెలిచింది. సర్పంచు మళ్లీ జగదీశే. ఏం చేస్తాం, ఊరు పెద్దది.

ఆగస్టు 19

మొదటి మీటింగు. నేను లోపలికి పోకూడదు, కిటికీ పక్కన నిలబడ్డాను. కిటికీ పక్కన నిలబడితే రాజకీయం కాదనుకుంటాను.

అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. జగదీశ్ లైట్ల గురించి, మురికికాలువల గురించి మాట్లాడాడు, ఈయన తీర్మానాల పుస్తకంలో రాస్తూ పోయాడు. చివరికి జగదీశ్ లేవబోతుంటే అమ్మ పైపు మాట ఎత్తింది.

"వచ్చే మీటింగుల చూద్దం లే హన్మమ్మవ్వా. ఇయ్యాల మొదటిరోజే ఎందుకు?"

"చూసుడు పాతికేండ్లు అయింది. రాయి అల్లుడా."

ఈయన పెన్ను ఆపాడు. జగదీశ్ వంక చూశాడు. జగదీశ్ తల అడ్డంగా ఊపాడు, కొంచెంగా, వాళ్లిద్దరికే తెలిసేట్టు. నాకు కూడా తెలిసింది. కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

ఈయన తల దించి రాయడం మొదలుపెట్టాడు.

"సదువు" అంది అమ్మ.

"కాలువ అవతలి గట్టున ఆగిన నీళ్ల పైపును కాలనీకి పొడిగించాలని తొమ్మిదో వార్డు సభ్యురాలు హన్మమ్మ కోరినారు."

"కోరలె. అడిగింది అని రాయి."

కొట్టేసి అడిగినారు అని రాశాడు.

"ఏ హన్మమ్మనో తెల్వాలె గద. ఇంటి నంబరు గూడ రాయి."

"ఏ నంబరత్తా?"

"నీకు తెల్వదా."

ఆయన రాశాడు. కిటికీ చువ్వల్లోంచి నాకు పుస్తకం కనిపిస్తూనే ఉంది. మూడు రాశాడు, గీత పెట్టాడు, నాలుగు రాశాడు, ఏడు రాశాడు. ఏడుకు నడుమ అడ్డగీత పెట్టాడు.